పేదరికాన్ని కొలవాలంటే ఏం అడగాలి? బస్తీ సర్వే షెడ్యూల్ మీద సలహాలు కావాలి

#1 సోషియాలజీ_పీజీ | సోమవారం రాత్రి 9:40

అందరికీ నమస్కారం. సోషియాలజీ పీజీ చివరి ఏడాదిలో ఉన్నాను. డిజర్టేషన్ కోసం బోరబండ చుట్టుపక్కల బస్తీల్లో 120 ఇళ్లు సర్వే చేయాలి. అంశం నగర పేదరికం. అంశం ఓకే అయినప్పుడు సంబరపడ్డాను గానీ షెడ్యూల్, అంటే ఇంటింటా అడిగే ప్రశ్నల పత్రం, రాయడానికి కూర్చుంటే మొదటి పేజీ దాటడం లేదు.

మా గైడ్ సార్ "ముందు పేద ఎవరో తేల్చుకో, తర్వాత ఇంటికి వెళ్లు" అన్నారు. అక్కడే చిక్కు. నెల ఆదాయం అడగాలా, నెల ఖర్చు అడగాలా? రేషన్ కార్డు ఉంటే పేద అని రాసుకోవచ్చా? కార్డుకు పట్టణాల్లో ఏడాదికి 2 లక్షలు, పల్లెల్లో లక్షన్నర ఆదాయ పరిమితి ఉంది కదా, దాన్నే పేదరిక గీతగా పెట్టుకుంటే ఏం పోతుంది? లేక నీతి ఆయోగ్ వాళ్ల బహుముఖ పేదరిక సూచీలోని 12 అంశాలు ఉన్నవి ఉన్నట్టు దింపేయాలా?

ఫీల్డులో పనిచేసినవాళ్లు ఉంటే దయచేసి చెప్పండి. పుస్తకాల్లో ఉన్నది చదివాను, తలుపు తట్టాక ఏమవుతుందో తెలియాలి.

#2 కొండాపూర్_టెకీ | సోమవారం రాత్రి 10:05

కార్డు సంగతి మర్చిపోండి. మా వీధిలో కారున్నవాళ్లకీ ఉంది. నిజంగా పేదలు ఎంతమందో ప్రపంచ బ్యాంకు తేల్చేసింది. రోజుకు 3 డాలర్ల గీత పెడితే 2022-23లో దేశంలో 5.3 శాతమే. 3 డాలర్లంటే 255 రూపాయలు. నలుగురున్న ఇంటికి నెలకు 30 వేలు. ఆ గీత కింద 5 శాతమే ఉన్నారంటే ఇంకా పేదరికం మీద డిజర్టేషన్లు ఎందుకో నాకైతే అర్థం కాదు.

#3 లెక్కల_పిచ్చి | సోమవారం రాత్రి 10:22

టెకీ గారూ, ఆ గుణకారం చెల్లదు. ఆ 3 డాలర్లు మనీ ఎక్స్ఛేంజ్ కౌంటర్లో ఇచ్చే డాలర్లు కావు. 2021 నాటి కొనుగోలు శక్తి ప్రకారం సర్దిన డాలర్లు. అమెరికాలో ఒక డాలరుకు వచ్చే సరుకు ఇక్కడ ఎన్ని రూపాయలకు వస్తుందో చూసి కట్టిన లెక్క. అలా చూస్తే మీరు చెప్పిన 255లో దాదాపు నాలుగో వంతు వస్తుంది. అంటే నెలకు 30 వేలు దాటిన కుటుంబాల గురించి కాదు ఆ నివేదిక మాట్లాడుతున్నది.

ఇంకో సంగతి. 2025 జూన్ దాకా ఆ గీత 2.15 డాలర్లే. దాన్ని 3కి పెంచారు, పాత ఏళ్ల అంకెలన్నీ మళ్లీ కట్టారు. కొత్త గీతతో 2011-12లో 27.1 శాతం, 2022-23లో 5.3. తగ్గిందన్నది నిజమే, ఎవరూ కాదనరు. ఎంత తగ్గిందన్న దగ్గరే పేచీ. ఎందుకంటే ఈ అంకెలకు ఆధారమైన ప్రభుత్వ కుటుంబ ఖర్చు సర్వేలు రెండింటిలో ఇంటికి వెళ్లి అడిగిన తీరే వేరు. 2011-12లో ఒక్కసారి వెళ్లి మొత్తం అడిగారు. 2022-23లో తిండికి ఒకసారి, సబ్బులూ కరెంటూ కిరాయిల వంటి వాటికి ఒకసారి, సామాన్లకు ఒకసారి, అలా మూడు సార్లు వెళ్లారు. మధ్యలో 2017-18లో చేసిన సర్వే నాణ్యత బాగాలేదని ప్రభుత్వం బయటపెట్టనే లేదు. పదకొండేళ్ల ఖాళీ అది.

#4 రిటైర్డ్_ఫీల్డ్_ఆఫీసర్ | మంగళవారం ఉదయం 6:15

అమ్మా, నేను శాంపిల్ సర్వేలో ఉద్యోగం చేసి రిటైరయినవాణ్ణి. ఒక్క మాటలో చెప్పాలంటే, ఆదాయం అడగకు. కారణం చెప్తాను.

నెల జీతం ఉన్నవాడు చెప్పగలడు, చెప్పడు. అడ్డా మీద నిలబడేవాడు చెప్పాలనుకున్నా చెప్పలేడు. సెంట్రింగ్ పని పదిహేను రోజులుంటుంది, వానకు వారం పోతుంది, మేస్త్రీ సగం పైసలే ఇస్తాడు, మిగతాది వచ్చే నెల. అతన్ని "మీ నెల ఆదాయం ఎంత" అంటే ఏదో ఒక అంకె చెప్తాడు, నువ్వు రాసుకుంటావు. అది అతని ఆదాయం కాదు, నిన్ను పంపించేయడానికి చెప్పిన అంకె. చాయ్ బండివాడైతే పాలకూ చక్కెరకూ పోయింది తీసెయ్యకుండా గల్లా మొత్తం చెప్తాడు, లేదా అంతా పోయి చేతికి ఏమీ మిగలదంటాడు. 1960ల్లో ప్రయోగాత్మకంగా ఆదాయం అడిగి చూశారు. జనం చెప్పిన ఆదాయం, వాళ్లే చెప్పిన ఖర్చూ పొదుపూ కలిపినదానికంటే తక్కువ వచ్చింది. దాంతో ఆ ప్రయత్నం పక్కన పెట్టారు. అందుకే మన దేశంలో పేదరికం లెక్కలన్నీ ఖర్చు మీదనే నడిచాయి.

ఖర్చు అయినా తేలిక కాదు. ఎన్ని రోజుల ఖర్చు అడుగుతున్నావన్నది ముఖ్యం. కూరగాయలు, గుడ్లు, మాంసం, నూనె గడిచిన 7 రోజులకు అడుగుతారు. బియ్యం, పప్పు, కిరాయి, కరెంటు 30 రోజులకు. బట్టలు, చెప్పులు, ఫీజులు, ఆసుపత్రిలో చేరిన ఖర్చు, ఫ్రిజ్, బండి 365 రోజులకు. నెల మొత్తానికి ఎంత కూర కొన్నావంటే ఏ ఇల్లాలికీ గుర్తుండదు, తక్కువే చెప్తుంది. వారానికి అడిగితే అంకె పెరుగుతుంది. అంకె పెరిగితే పేదలు తగ్గుతారు. ఎవరి బతుకూ మారకుండానే!

1999-2000 శాంపిల్ సర్వే రౌండు గురించి నీ సిలబస్‌లో వచ్చే ఉంటుంది. అందులో తిండి ఖర్చుకు 7 రోజుల గడి, 30 రోజుల గడి పక్కపక్కనే పెట్టారు. వారానికి రెండు కిలోల ఉల్లిగడ్డ అని చెప్పిన మనిషి, పక్కనే నెలకు ఎంత అంటే మనసులో నాలుగుతో గుణించి ఎనిమిది అంటుంది. ఒక గడి రెండో గడిని లాక్కుపోయింది. ఆ రౌండులో దేశ పేదరికం 26.1 శాతం వచ్చింది, అంతకు ముందు 1993-94లో 36 శాతం. తగ్గిందెంత, గడి మహిమ ఎంత అని ఆర్థికవేత్తలు ఏళ్ల తరబడి కొట్లాడుకున్నారు. నీ షెడ్యూల్లో మాత్రం ఒకే వస్తువుకు రెండు కాలాలు పెట్టకు.

#5 సోషియాలజీ_పీజీ | మంగళవారం ఉదయం 8:30

సార్, మీరు చెప్పింది ప్రింట్ తీసి పెట్టుకుంటాను. చిన్న సందేహం. 'ఇల్లు' అంటే ఏది? ఒకే గదిలో అన్నదమ్ములిద్దరి కుటుంబాలు ఉంటే ఒకటా రెండా?

#6 రిటైర్డ్_ఫీల్డ్_ఆఫీసర్ | మంగళవారం ఉదయం 9:10

పొయ్యి చూడు. ఒక పొయ్యి మీద వండుకుని తింటే ఒక కుటుంబం. ఒకే గదిలో రెండు స్టవ్వులుంటే రెండు. చుట్టరికం అక్కర్లేదు. నలుగురు సెంట్రింగ్ పిల్లలు కలిసి వండుకుంటే వాళ్లూ ఒక కుటుంబమే.

దీనితోనే ఇంకో మెలిక ఉంది. పనికి వెళ్లే ఇళ్లల్లో తినే తిండి. జూబ్లీహిల్స్‌లో రెండిళ్లలో పనిచేసే ఆమె పొద్దున టిఫిన్ అక్కడే తింటుంది, చాయ్ అక్కడే తాగుతుంది. పాత పద్ధతిలో ఆ ఇడ్లీ ఎవరి ఖర్చుగా రాసేవాళ్లమో తెలుసా? వండిపెట్టిన ఇంటివాళ్ల ఖాతాలో. ఆమె తిన్నదేమో యజమాని వినియోగంగా లెక్కకు వచ్చేది. దాంతో పెద్దింటివాళ్లు తలకు ఎక్కువ కేలరీలు తిన్నట్టూ, బస్తీ మనిషి తక్కువ తిన్నట్టూ తేలేది. నీ బస్తీలో ఇళ్లల్లో పనిచేసేవాళ్లు చాలామంది ఉంటారు కాబట్టి 'బయట తిన్న పూటలు' అని ఒక వరుస పెట్టుకో.

#7 బోరబండ_ఆర్పీ | మంగళవారం మధ్యాహ్నం 2:45

నమస్తే. నేను ఇక్కడనే మహిళా సంఘాలల్ల ఆర్పీగ, అంటే రిసోర్స్ పర్సన్‌గ చేస్తున్న. సర్వే అంటే మా బస్తోల్లకు కొత్త కాదు. 2014 ఆగస్టు 19 నాడు ఒక్క దినంల రాష్ట్రమంత చేసిండ్రు కదా, సమగ్ర కుటుంబ సర్వే. ఊర్లల్లకెల్లి, ఊర్లల్లకు, ఎక్కడోళ్లు అక్కడికి పోయిండ్రు, దుకాణాలు బంద్. మల్ల 2024 నవంబరుల కులగణన. 75 ప్రశ్నలు. ఇగ మధ్యల దరఖాస్తులు, ఫారాలు, ఆధార్ జిరాక్సులు. ఎవలన్న బుక్కు పట్టుకొని వస్తే మావోళ్లకు ఫస్టు వచ్చే ఆలోచన ఏందంటే "ఏదో వస్తది", లేకుంటే "ఏదో పోతది". గంతే. ఇండ్ల కోసం అనుకుంటే సొంతిల్లు లేదంటరు. కార్డులు తీసేస్తరని అనుమానమొస్తే కొడుకు నౌకరి చెప్పరు. అబద్ధం ఆడుతున్నరని మీరు అనుకుంటరు. రేపు కార్డు పోతే వాళ్లకు బియ్యం ఎవలిస్తరు? మనిషికి 6 కిలోల సన్న బియ్యం వస్తున్నయి ఇప్పుడు, చిన్న మాటనా?

చెల్లె, నువ్వు ముందు నువ్వెవరో సాఫ్‌గ చెప్పు. కాలేజీ పిల్లను, నాతోని ఏం రాదు, ఏం పోదు అని. నేను ఎంబడి వస్త. కాని ఒకటి. నేను పక్కన కూసుంటే అప్పుల సంగతి చెప్పరు, ఎందుకంటే సంఘంల కిస్తీ కట్టనోళ్లు నా ముందట ఎట్ల చెప్తరు? ఆ పేజీ వచ్చినప్పుడు నేను బయటికి పోత.

#8 సోషియాలజీ_పీజీ | మంగళవారం మధ్యాహ్నం 3:02

అక్కా, నాకు ఇన్ని రోజుల్లో దొరికిన బెస్ట్ సలహా ఇదే. మీకు మెసేజ్ పెడతాను.

#9 కొండాపూర్_టెకీ | మంగళవారం సాయంత్రం 6:20

డాలర్ లెక్క సరే. కానీ నేను ఫీల్డులో చూసింది చెప్తున్నా. మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ ఇంట్లో టీవీ, ఫ్రిజ్, ఇద్దరికి స్మార్ట్‌ఫోన్లు, ఈఎంఐ మీద బైక్. మా చిన్నప్పుడు మా ఇంట్లోనే ఫ్రిజ్ లేదు. అతను పేదా?

#10 పాలమూరు_బిడ్డ | మంగళవారం సాయంత్రం 7:15

అన్నా, మా నాయిన లేబర్ అడ్డా మీద నిలబడ్డ మనిషి. ఇప్పుడు మేస్త్రీలు అడ్డాకు రాకుండా ఫోన్ చేసి పిలుస్తున్నరు. ఫోన్ లేనోడికి పని లేదు. బైకు లేకపోతే కొల్లూరు సైటుకు పొద్దున 8 గంటలకు చేరడు. మీకు అది ఆస్తి లెక్క కనిపిస్తది, మాకు అది గడ్డపార అసొంటిది, పనిముట్టు.

ఇంకోటి, వాచ్‌మన్ ఇల్లు అన్నరు. అది ఆయన ఇల్లు కాదు. పని పోయిన్నాడు గది ఖాళీ చెయ్యాలె.

#11 లెక్కల_పిచ్చి | మంగళవారం రాత్రి 9:30

పాలమూరు_బిడ్డ చెప్పినదాన్ని ఈ నగరంలోనే లెక్కకట్టి చూశారు. ఆర్థికవేత్తలు అభిజిత్ బెనర్జీ, ఎస్తర్ డుఫ్లో బృందం హైదరాబాద్‌లో 104 బస్తీలు తీసుకుంది. సగం, అంటే 52 బస్తీల్లో ముందుగా చిన్న అప్పులిచ్చే ఒక మైక్రోఫైనాన్స్ సంస్థ శాఖలు తెరిచింది, మిగతావాటిలో తెరవలేదు. తర్వాత రెండు రకాల బస్తీలనూ పోల్చారు. మొత్తం వినియోగ ఖర్చులో చెప్పుకోదగ్గ తేడా లేదు. ఖర్చు గీత ఒక్కటే చూస్తే "అప్పు వల్ల ఏం మారలేదు" అని ఫైలు మూసేయాలి. లోపల చూస్తే ఖర్చు రూపు మారింది. కుట్టు మిషన్, ఫ్రిజ్ లాంటి సామాను ఎక్కువ కొన్నారు. పాన్, పొగాకు, చిరుతిండి, ఫంక్షన్ల మీద తగ్గించారు. అదే ఇల్లు, అదే మొత్తం, బతుకు పద్ధతి వేరు.

ఆ బృందం కూడా బస్తీల్లో శాంపిల్ కోసం 2007 మొదట్లో మళ్లీ ఇంటింటి లెక్క తీసుకోవాల్సి వచ్చింది. బస్తీలో ఇళ్ల జాబితా అంత నికరంగా ఉండదు. పీజీ గారూ, మీ 120 ఇళ్లు ఏ జాబితా నుంచి తీస్తున్నారో అది కూడా ఇక్కడ చెప్పండి.

#12 సోషియాలజీ_పీజీ | మంగళవారం రాత్రి 10:00

అంగన్‌వాడీ రిజిస్టర్ నుంచి తీద్దామనుకున్నాను.

#13 రిటైర్డ్_ఫీల్డ్_ఆఫీసర్ | బుధవారం ఉదయం 6:05

వద్దమ్మా. అంగన్‌వాడీ రిజిస్టర్‌లో చిన్నపిల్లలు, గర్భిణులు, బాలింతలున్న ఇళ్లే ఎక్కువ పడతాయి. ఒంటరి ముసలమ్మ పడదు. నలుగురు బిహారీ పిల్లలు కిరాయికి ఉన్న గది పడదు. నువ్వే గల్లీ మొదటి నుంచి చివరి దాకా తిరిగి లిస్టింగ్ రాసుకో, ఆ తర్వాత అయిదింట ఒకటో ఆరింట ఒకటో తీసుకో. విసుగు పని. కానీ సర్వే బాగోగులన్నీ లిస్టింగ్ రోజే తేలిపోతాయి.

బస్తీ అన్న మాటకూ లెక్క ఉంది. 2011 జనగణనలో నోటిఫై కాని, ఎవరూ గుర్తించని మురికివాడను కూడా లెక్కలోకి తీసుకోవాలంటే కనీసం 300 మంది జనం, లేదా 60-70 ఇళ్లు ఒకచోట గుంపుగా ఉండాలి. కోకాపేట టవర్ల పక్కన రేకుల షెడ్లలో ఉన్న నలభై కుటుంబాలు ఆ లెక్కన మురికివాడ కాదు.

పైవాళ్లను పట్టుకోవడమూ కష్టమే. గేటెడ్ కమ్యూనిటీలో సెక్యూరిటీ దాటి లోపలికి వెళ్లేసరికి మధ్యాహ్నమవుతుంది. "సార్ మీటింగులో ఉన్నారు" అంటారు. 2022-23 సర్వేలో పట్టణాల్లో ఇళ్లను ఎంచేటప్పుడు కారుందా, దాని ధర 10 లక్షలు దాటిందా అని చూసి విడివిడిగా గుంపులు కట్టడం అందుకే.

#14 తార్నాక_న్యూట్రిషన్ | బుధవారం ఉదయం 11:20

గీత మీద ఎవరూ మాట్లాడలేదే. అసలు మన గీతలన్నీ తిండి నుంచి పుట్టినవి. 1979లో ప్రణాళికా సంఘం టాస్క్‌ఫోర్స్ పల్లెలో మనిషికి రోజుకు 2400 కేలరీలు, పట్నంలో 2100 అని పెట్టి, అన్ని కేలరీలు తినగలిగే ఇల్లు నెలకు మొత్తం మీద ఎంత ఖర్చు పెడుతుందో దాన్నే గీత అంది. ఆ తర్వాత ఏళ్లలో ధరలకు తగ్గట్టు ఆ డబ్బు అంకెనే పెంచుకుంటూ పోయారు. ఈలోగా జనం తినే తీరు మారింది. రిక్షా పోయి ఆటో వచ్చింది, రోలు పోయి మిక్సీ వచ్చింది, జొన్న పోయి బియ్యం వచ్చింది, ఫీజులూ కిరాయిలూ పెరిగాయి. ఖర్చు పెరిగినా కేలరీలు తగ్గుతూ వచ్చాయి. గీత దాటిన మనిషి కూడా ఆ 2100 తినడం లేదు.

2009లో టెండూల్కర్ కమిటీ కేలరీలకు కట్టేయడం మానేసింది. 2011-12 ధరల్లో ఆ గీత పట్నానికి నెలకు మనిషికి 1000 రూపాయలు, పల్లెకు 816. 2014లో రంగరాజన్ కమిటీ మళ్లీ పోషకాహారం దగ్గరికి వచ్చింది. పట్నానికి 2090 కేలరీలు, 50 గ్రాముల ప్రొటీన్, 26 గ్రాముల కొవ్వు. గీత 1407కి లేచింది. అదే ఏడాది, అదే దేశం. పట్టణ పేదరికం మొదటి గీతతో 13.7 శాతం, రెండోదానితో 26.4. ఇంటికి వెళ్లి మళ్లీ ఒక్క ప్రశ్న అడగకుండా పట్టణ పేదలు దాదాపు రెట్టింపయ్యారు. ప్రభుత్వం ఆ నివేదికను ఒప్పుకోనూ లేదు, కాదననూ లేదు. అప్పటి నుంచి మన దేశానికి అధికారికంగా కొత్త గీతే లేదు.

#15 కొండాపూర్_టెకీ | బుధవారం మధ్యాహ్నం 12:10

నెలకు 1407 అంటే రోజుకు 47 రూపాయలు. అది నా చాయ్ బిస్కట్ ఖర్చు. ఆ లెక్క ఎవరు వేశారండీ!

#16 తార్నాక_న్యూట్రిషన్ | బుధవారం మధ్యాహ్నం 12:18

మీరే కదండీ మొన్న పేదలు 5 శాతమే అన్నది :)

#17 కిరాణం_గల్లీ | బుధవారం మధ్యాహ్నం 3:30

నాకు రహమత్‌నగర్ దగ్గర కిరాణం ఉంది. చదువుకున్నవాళ్లు గీతల గురించి రాస్తున్నరు, నాకు తెలిసింది ఉద్దెర బుక్కు. ఎవరింట్ల ఎట్లుందో నాకు బుక్కుల కనిపిస్తది. మంచిగ ఉన్న ఇల్లు నెలకు ఒకసారి వచ్చి లీటర్ ప్యాకెట్లు, కిలో ప్యాకెట్లు తీస్కుంటది. చేతుల పైసల్లేని ఇల్లు రోజూ వస్తది. పావుకిలో పప్పు, పది రూపాయల నూనె, షాంపూ ప్యాకెట్, సర్ఫ్ ప్యాకెట్. కిలో లెక్కన చూస్తే వాళ్లే ఎక్కువ పెడుతున్నరు. మీ షెడ్యూల్ల "నెలకు నూనెకు ఎంత" అని అడిగితే ఇద్దరికీ ఒకటే అంకె రావచ్చు. కాని ఒకరింట్ల నూనె ఎక్కువుంటది, ఒకరింట్ల తక్కువ. రేటు గూడ అడుగుండ్రి.

10వ తారీఖు లోపల ఒకసారి, 25 తర్వాత ఒకసారి పోండి. అదే ఇల్లు, రెండు తీర్ల కనిపిస్తది.

#18 లెక్కల_పిచ్చి | బుధవారం మధ్యాహ్నం 3:50

ఈ పోస్టుకు దండం.

#19 సోషియాలజీ_పీజీ | బుధవారం రాత్రి 8:15

అందరూ చెప్పింది కలిపి ఇవాళ పైలట్‌గా కొన్ని ఇళ్లకు వెళ్లొచ్చాను, ఆర్పీ అక్క తీసుకెళ్లారు. నీతి ఆయోగ్ 12 అంశాలు కూడా పక్కన రాసుకున్నాను. ఒక చిక్కు వచ్చింది. ఆ అంశాల ప్రకారం అక్కడ దాదాపు ఎవరూ పేదలు కారు! కరెంటు ఉంది, బ్యాంకు ఖాతా ఉంది, గ్యాస్ ఉంది, స్లాబ్ ఇల్లు, పిల్లలు బడికి పోతున్నారు. కానీ చూస్తే పేదరికమే. నేనేమైనా తప్పుగా వాడుతున్నానా?

#20 లెక్కల_పిచ్చి | బుధవారం రాత్రి 8:50

సరిగ్గానే వాడుతున్నారు. ఆ సూచీలో ఆరోగ్యం, చదువు, జీవన ప్రమాణం మూడింటికీ తలా మూడో వంతు. జీవన ప్రమాణం కింద ఏడు అంశాలు: వంట ఇంధనం, మరుగుదొడ్డి, తాగునీరు, ఇల్లు, కరెంటు, వస్తువులు, బ్యాంకు ఖాతా. ఈ ఏడూ లేకపోతేనే మూడో వంతు నిండి ఆ ఇల్లు పేద అవుతుంది. లేదా తిండిలోనో చదువులోనో లోటు తోడవ్వాలి. ఊళ్లకు అది బాగా పనిచేస్తుంది. రాష్ట్రాల మధ్య పోల్చడానికీ పనికొస్తుంది. తెలంగాణలో 2015-16కీ 2019-21కీ మధ్య 13.18 శాతం నుంచి 5.88కి తగ్గిందని చూపించింది. కరెంటు, గ్యాస్, ఖాతా ఇంటింటికీ చేరాయన్న నిజాన్ని అది పట్టుకుంది, చిన్న విషయం కాదు.

హైదరాబాద్ బస్తీలో మాత్రం వేరే సమస్య. ఇల్లు స్లాబ్‌దే, కానీ కిరాయిది. సంపాదనలో మూడో వంతు కిరాయికి పోతే ఆ సంగతి 12 అంశాల్లో ఎక్కడా కనబడదు. అప్పు కనబడదు. పని ఎన్ని రోజులు దొరికిందో కనబడదు. అవి మీరే చేర్చుకోవాలి.

#21 బోరబండ_ఆర్పీ | బుధవారం రాత్రి 10:30

ఇయ్యాల చెల్లెతోని ఒక ఇంటికి పోయినం, దాని గురించి రాయాలె. పేరు చెప్పను.

భార్య రెండిండ్లల్ల పని చేస్తది, భర్త ఆటో. ఇద్దరు పిల్లలు. చెల్లె ఖర్చు అంత వరుసగ అడిగి ఫోన్ల లెక్క కొట్టింది. మనిషికి నెలకు మిగిలిన ఇండ్ల కంటే మస్తు ఎక్కువ వచ్చింది. మేం పోయిన ఇండ్లల్ల గాళ్లే ఉన్నోళ్లు అని తేలింది! నేను నవ్విన. ఎందుకంటే ఆ గల్లీల గాళ్ల కంటే కష్టంల ఉన్నోళ్లు లేరు. మల్ల ఏంది అంటే పోయిన ఏడు ఆయనకు కడుపుల పుండు పగిలింది, రాత్రికి రాత్రి దగ్గరున్న ఒక ప్రైవేటు దవాఖానల చేర్పిచ్చిండ్రు. రెండు లక్షల దాకా అయింది. బంగారం గిర్వి పెట్టిండ్రు, అన్న దగ్గర తెచ్చిండ్రు, ఫైనాన్సోళ్ల దగ్గర ఆటో కాగితం పెట్టిండ్రు. ఆ రెండు లక్షలు చెల్లె ఏడాది ఖర్చుల రాసింది. 12 తోని భాగించింది. నలుగురికి పంచింది. అయిపాయె, ఇల్లు పైకెక్కింది.

ఇప్పుడు పిల్లను ప్రైవేటు బడికెల్లి తీసిండ్రు. పాలు బంద్ పెట్టి చాయ్‌కు పొడి వాడుతున్నరు. కిస్తీలు కడుతున్నరు, కాని కిస్తీ ఖర్చుల రాదంట కదా?

#22 రిటైర్డ్_ఫీల్డ్_ఆఫీసర్ | గురువారం ఉదయం 6:00

అప్పు తీర్చడం వినియోగం కింద రాదు, నిజమే. ఆసుపత్రి బిల్లు వస్తుంది. ఇది మా పద్ధతికి ఉన్న పాత జబ్బు. ఆసుపత్రి ఖర్చు సుఖం కోసం పెట్టింది కాదు, అయినా షెడ్యూల్‌కు ఆ తేడా తెలియదు. గ్రైండర్ కొన్నా, ఆపరేషన్ చేయించుకున్నా అది కూడికే.

నువ్వు రెండు మొత్తాలు కట్టు. ఒకటి అన్నీ కలిపి, ఇంకొకటి ఆసుపత్రి ఖర్చు తీసేసి. రెండింటికీ మధ్య ఇళ్ల వరుస ఎలా మారిందో ఒక పట్టిక వెయ్యి. ఆ పట్టికే నీ డిజర్టేషన్.

#23 కొండాపూర్_టెకీ | గురువారం ఉదయం 9:45

ఆరోగ్యశ్రీ 10 లక్షల దాకా ఉంది కదా? 2023 డిసెంబరులో పెంచారు. వాళ్లెందుకు కట్టారు? నిజంగానే అడుగుతున్నా, వెటకారం కాదు.

#24 బోరబండ_ఆర్పీ | గురువారం మధ్యాహ్నం 1:20

మంచి ప్రశ్ననే అడిగినవ్ తమ్మి. కార్డు ఉంది. కాని రాత్రిపూట అర్జెంటుగ పోయిన దవాఖాన ఆ లిస్టుల లేదు. వేరేదానికి మార్చే ధైర్యం ఆమెకు రాలే. ఆరోగ్యశ్రీ మీద ఆపరేషన్ ఐనోళ్లు గూడ మస్తుగున్నరు మా దగ్గర, అది లేకుంటే బస్తీ సగం మునిగేది. కాని బిల్లు మాఫ్ ఐనా ఎంబడి ఉన్న మనిషి తిండి, ఆటో, ముందుగాల జేసిన టెస్టులు, ఇద్దరి కూలి పోయిన దినాలు ఏ కార్డు కట్టదు.

#25 పాలమూరు_బిడ్డ | గురువారం మధ్యాహ్నం 1:40

కూలి పోయిన దినాలు. చెల్లె, దీనికి ఒక గడి పెట్టు.

#26 తార్నాక_న్యూట్రిషన్ | గురువారం సాయంత్రం 5:00

అనిరుధ్ కృష్ణ అనే పరిశోధకుడు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 36 ఊళ్లు తీసుకుని వేరే దారిలో వెళ్లారు. గీత తను గీయలేదు. ఊళ్లోవాళ్లనే కూర్చోబెట్టి, ఏమీ లేని ఇంటికి కాస్త డబ్బు చేతికొస్తే ముందు ఏం చేస్తుంది, ఆ తర్వాత ఏం చేస్తుంది అని అడిగారు. తిండితో మొదలై మెట్లు మెట్లుగా ఒక వరుస వచ్చింది. తర్వాత ఒక్కో ఇల్లు పాతికేళ్ల కింద ఏ మెట్టు మీద ఉంది, ఇప్పుడు ఏ మెట్టు మీద ఉంది అని నలుగురిలో తేల్చారు. పేదరికం నుంచి బయటపడినవాళ్ల పక్కనే, అదే కాలంలో కొత్తగా అందులో పడినవాళ్లు ఉన్నారు. శాతం ఒక్కటే చూస్తే ఈ రాకపోకలు తెలియవు. కింద పడటానికి ఎక్కువగా వినిపించిన కారణం ఇంట్లో జబ్బు, దాని ఖర్చు. పెళ్లిళ్లూ చావులూ తెచ్చిన అప్పులు ఆ వెనకే.

మన దగ్గర వెలుగు అనే పేదరిక నిర్మూలన ప్రాజెక్టు రోజుల్లో పల్లెల్లో అతిపేదల్ని ఊరివాళ్లే గుర్తించే పద్ధతి నడిచింది కూడా. బస్తీలో అది కష్టమేమో. కిరాయి ఇళ్లవాళ్లు ఏడాదికొకసారి మారుతుంటే ఎవరి పాతికేళ్ల కథ ఎవరికి తెలుస్తుంది?

#27 సోషియాలజీ_పీజీ | గురువారం రాత్రి 9:00

పాతికేళ్లు అడగను, అయిదేళ్లు అడుగుతాను. 'అయిదేళ్ల కింద ఏ ఇంట్లో ఉన్నారు, కిరాయి ఎంత, పిల్లలు ఏ బడి, ఇంట్లో బంగారం ఉందా' అని. కొత్త షెడ్యూల్లో పెట్టినవి: కూలి దొరికిన రోజులు, పోయిన రోజులు, బయట తిన్న పూటలు, పప్పూ నూనె ఎంత పరిమాణం, ఏ రేటు, అప్పు ఎవరి దగ్గర, దేనికి, ఆసుపత్రి ఖర్చు వేరే పేజీలో. ఇంకేమైనా మర్చిపోయానా?

#28 లెక్కల_పిచ్చి | గురువారం రాత్రి 9:25

ఉచితంగా వచ్చినవి. 2022-23 సర్వేలో ఉచిత బియ్యం వంటివాటికి విలువ కట్టి రెండో అంకె వేరుగా ఇచ్చారు. మనిషికి నెల ఖర్చు రూపాయల్లో పట్టణ సగటు 6459 నుంచి 6521కి, పల్లె సగటు 3773 నుంచి 3860కి మారింది. సగటులో చిన్న తేడాలా ఉంది గానీ అడుగున ఉన్న ఇంటికి అది పెద్ద మొత్తం. ఉచితంగా అందిన చదువు, వైద్యానికి మాత్రం విలువ కట్టలేదు.

ఆర్టీసీ బస్సు కూడా చూడండి. 2023 డిసెంబరులో ఆడవాళ్లకు ఉచితం కాకముందు బస్సుకు నెలకు వెయ్యి పెట్టిన ఆమె ఇప్పుడు సున్నా పెడుతుంది. మీరు ఖర్చే రాస్తే ఆ ఇల్లు వెయ్యి రూపాయల మేర పేదదైనట్టు కనిపిస్తుంది. ఆ వెయ్యి పాలకు పోయిందో కిస్తీకి పోయిందో అడగండి.

#29 సోషియాలజీ_పీజీ | గురువారం రాత్రి 9:50

ఇంకో పేజీ పెరిగింది. మా సార్‌కు ఇవన్నీ చెప్తే "బానే ఉంది, చివరికి బస్తీలో ఎంత శాతం పేదలో ఒక్క అంకె ఇవ్వు" అన్నారు. ఆటో అన్న ఇల్లు ఏ వైపు రాయాలో నాకింకా తెలియలేదు.

#30 రిటైర్డ్_ఫీల్డ్_ఆఫీసర్ | శుక్రవారం ఉదయం 5:50

ఒక అంకె అడిగితే మూడు గీతల మీద మూడు అంకెలు ఇవ్వు, పక్కన ఏ గీతో రాయి. గైడ్లు ముందు గొణుగుతారు, వైవా రోజు అదే పట్టిక తిప్పితిప్పి చూస్తారు. ఒక ఇంటికి ముప్పావు గంట దాటకుండా చూసుకో. అంతకు మించితే చివరి పేజీ జవాబులన్నీ 'లేదు, లేదు, లేదు' అని వస్తాయి. అప్పుల పేజీ చివర్లో పెట్టకు, మధ్యలో పెట్టు.

#31 బోరబండ_ఆర్పీ | శుక్రవారం ఉదయం 7:30

చెల్లె, ఐతారం పొద్దుగాల రాకు, మాకు నల్లా వచ్చే దినం, ఎవలు నీతోని కూసోరు. సాయంత్రం 4 కొట్టంగ రా. లిస్టింగ్ గల్లీ మొదట్ల ఉన్న కిరాణం కాడికెల్లి స్టార్ట్ చేద్దాం. రెండు పెన్నులు, అట్ట తెచ్చుకో. ట్యాబ్ తేకు, ట్యాబ్ చూస్తే గవర్నమెంటోళ్లు అనుకుంటరు.